రాష్ట్రపతి భవన్ మీద ఒకప్పుడు ఎగిరిన నాలుగు గడుల జెండా

గణతంత్రం తొలి రోజుల నాటి ఫొటోలు బయటికి వచ్చినప్పుడల్లా వాటి వెంట ఒక సందేహం కూడా వస్తుంది. రాష్ట్రపతి పేరు మీద ఎగురుతున్న ఆ జెండాలో మూడు పట్టీలు లేవు, నడుమ చక్రం లేదు. గుడ్డను అడ్డంగా, నిలువుగా కోసి అతికినట్టు నాలుగు గడులు, ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ ఉన్నాయి. చూసినవాళ్లలో కొందరు అది బ్రిటిష్ వాళ్లు వదిలి వెళ్లిన జెండా అనుకుంటారు. కొందరు ఏదో సంస్థానానిది అనుకుంటారు. బొమ్మను మార్చి ఎవరో ప్రచారంలో పెట్టారని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు.

ఈ మూడు ఊహలూ తప్పే. అది స్వతంత్ర భారతం తన మొదటి పౌరుడి పదవి కోసం తానే తయారు చేసుకున్న జెండా. 1950 జనవరి 26 నుంచి 1971 ఆగస్టు 15 దాకా, అంటే 21 ఏళ్ల ఆరు నెలలకు పైగా, అది వాడుకలో ఉంది. రాజేంద్ర ప్రసాద్, సర్వేపల్లి రాధాకృష్ణన్, జాకీర్ హుస్సేన్, వి.వి. గిరి ఈ నలుగురు రాష్ట్రపతులూ దాని నీడలో పనిచేశారు. ఆ తరువాత దాన్ని దించి, ఆ స్థానంలో మన త్రివర్ణ పతాకాన్నే నిలిపారు. ఒక పదవికి విడిగా జెండా ఎందుకు కావలసి వచ్చింది, అందులో ఏం గీశారు, అది లేకుండా ఈనాడు ఎలా నడుస్తున్నది అనేవి విడివిడి ప్రశ్నలు. ఒక్కొక్కటిగా చూద్దాం.

జాతి జెండా, పదవి జెండా, నిషాన్: మూడూ మూడు

ముందు మాటలు తేల్చుకోకపోతే చిక్కు విడదు.

జాతీయ పతాకం దేశం మొత్తానికి గుర్తు. 1947 జులై 22న రాజ్యాంగ సభ దాన్ని ఆమోదించింది. అది ఎవరి ఇంటి మీద ఎగిరినా చెప్పేది ఒకటే మాట: ఇది భారతదేశం.

పదవి జెండా చేసే పని వేరు. అది ఒక కుర్చీకి, ఆ సమయానికి ఆ కుర్చీలో ఉన్న మనిషికి గుర్తు. "ఆయన ఇప్పుడు ఎక్కడ ఉన్నారు?" అన్న ప్రశ్నకు దూరం నుంచే జవాబు చెప్పడానికి పుట్టింది. ఇది మనకు కొత్త ఆలోచనేమీ కాదు. ఉత్తర గోగ్రహణ వేళ అర్జునుడు ఉత్తరకుమారుడికి కౌరవ వీరులను చూపించిన తీరు చదువుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అంత దూరం నుంచి ముఖాలు కనపడవు కాబట్టి ధ్వజాలను బట్టే చెప్తాడు. బంగారు వేదిక ఉన్నది ద్రోణుడి రథం, సింహపు తోక ఉన్నది అశ్వత్థామది, పాము పడగ ఉన్నది దుర్యోధనుడిది, తాడిచెట్టు ఉన్నది భీష్ముడిది. ఆ ధ్వజం ఎక్కడ కనిపిస్తే ఆ వీరుడు అక్కడ ఉన్నట్టు. సముద్రం మీద నౌకాదళాలూ ఇదే పని చేశాయి. ఎన్నో ఓడలున్న దళంలో సేనాధిపతి ఏ ఓడలో ఉంటే ఆ ఓడ మీద ఆయన జెండా ఎగరేసేవారు. "ఫ్లాగ్‌షిప్" అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. ఇప్పుడు ఫోన్ల ప్రకటనల్లో కూడా వినిపిస్తున్న ఆ మాటకు అసలు అర్థం "అధిపతి జెండా ఉన్న ఓడ".

పురాణ వీరుల ధ్వజానికీ ఆధునిక పదవి జెండాకూ ఒక పెద్ద తేడా ఉంది. కపిధ్వజం అర్జునుడి సొంతం, దాన్ని మరొకరికి అప్పగించడం ఉండదు. రాష్ట్రపతి జెండా రాజేంద్ర ప్రసాద్ సొంతం కాదు. 1962లో ఆయన దిగిపోయినప్పుడు అదే జెండా రాధాకృష్ణన్‌కు వర్తించింది. మనిషి మారినా గుర్తు మారకపోవడంలోనే పదవి అనే ఊహ ఉంది.

ఇక మూడోది, పత్రికల్లో తరచూ కనిపించే "రాష్ట్రపతి నిషాన్". ఫలానా రెజిమెంటుకు, ఫలానా రాష్ట్ర పోలీసులకు రాష్ట్రపతి నిషాన్ ప్రదానం చేశారన్న వార్త చదివి, అది రాష్ట్రపతి జెండాయే అనుకోవడం సహజం. కాదు. నిషాన్ అనేది సేవకు గుర్తింపుగా ఒక దళానికి రాష్ట్రపతి ఇచ్చే గౌరవ పతాకం. ఇచ్చిన తరువాత అది ఆ దళానిదే. భవనాల మీద ఎగరదు, కవాతుల్లో వాళ్లే గౌరవంగా మోస్తారు. సాయుధ బలగాల్లో దీన్ని మొదట అందుకున్నది నౌకాదళం, 1951 మే 27న, రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా. నౌకాదళ నిషాన్‌కు కొత్త నమూనాను 2022 డిసెంబరు 4న విశాఖపట్నంలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ఆవిష్కరించారు. రాష్ట్రపతి పేరు రెండింటిలోనూ ఉండడం, ఇంగ్లీషులో రెండింటికీ "స్టాండర్డ్" అనే మాట వాడడం వల్లనే ఈ తికమక. ఈ వ్యాసం ఇక మీదట రెండోదాన్ని, అంటే పదవి జెండాను గురించే.

వైస్రాయి నక్షత్రం, గవర్నర్ జనరల్ సింహం

1950లో గీసిన జెండా శూన్యంలో పుట్టలేదు. అదే భవనం మీద అంతకుముందు రెండు జెండాలు ఎగిరాయి.

మొదటిది వైస్రాయిది. బ్రిటిష్ యూనియన్ జాక్ నడిబొడ్డున "స్టార్ ఆఫ్ ఇండియా" అనే నక్షత్ర చిహ్నం, దాని మీద కిరీటం. ఆ నక్షత్రం 1861లో విక్టోరియా రాణి నెలకొల్పిన ఒక బిరుదు వ్యవస్థకు చెందినది. సంస్థానాధీశులకూ ఉన్నతాధికారులకూ ఆ బిరుదు ఇచ్చేవారు. "స్వర్గపు వెలుగే మాకు దారి" అనే అర్థమొచ్చే ఇంగ్లీషు వాక్యం నక్షత్రం చుట్టూ ఉండేది. ఆ జెండాను చదవడం తేలిక: నేల బ్రిటన్‌ది, దాని మీద ఒక చిన్న ఆభరణంగా ఇండియా.

1947 ఆగస్టు 15న అది దిగింది. అయితే మనలో చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. ఆ రోజు మనం స్వతంత్ర దేశమయ్యాం కానీ గణతంత్రం కాలేదు. రాజ్యాంగం అమలులోకి వచ్చేదాకా మన దేశాధినేత బ్రిటిష్ రాజే, ఆయన తరఫున గవర్నర్ జనరల్ ఉండేవారు. మొదట మౌంట్‌బాటన్, 1948 జూన్ నుంచి చక్రవర్తుల రాజగోపాలాచారి. వాళ్ల జెండా ముదురు నీలం రంగుది. నడుమ కిరీటం, ఆ కిరీటం మీద నిలబడిన సింహం, కింద "ఇండియా" అన్న ఇంగ్లీషు అక్షరాలు. అప్పట్లో కామన్వెల్త్ దేశాల గవర్నర్ జనరళ్లకు అదే అచ్చు, దేశం పేరు మాత్రం మారేది. ఆస్ట్రేలియా గవర్నర్ జనరల్ ఇప్పటికీ ఆ నమూనానే వాడుతున్నారు.

కాబట్టి త్రివర్ణ పతాకం దేశానికి జెండాగా ఉన్న రెండున్నరేళ్ల పాటు, దేశపు అత్యున్నత పదవికి మాత్రం రాజుగారి కిరీటమున్న జెండా ఉండేది. 1950 జనవరి 26 నాటికి ఆ కిరీటాన్ని తీసెయ్యాలి. తీసేసిన చోట ఏం పెట్టాలన్నదే ఆనాటి ప్రశ్న.

నాలుగు గడులు, నాలుగు కాలాలు

రాజేంద్ర ప్రసాద్ ప్రమాణ స్వీకారం చేసిన రోజే కొత్త జెండా వాడుకలోకి వచ్చింది. దాన్ని మనసులో ఊహించుకోవడానికి ఒక దీర్ఘచతురస్రాన్ని నాలుగు సమ భాగాలు చేయండి. స్తంభం మీ ఎడమ చేతి వైపు ఉందనుకోండి. ఎడమ పై గడి నీలం, కుడి పై గడి ఎరుపు. కింది వరుసలో రంగులు తారుమారవుతాయి: ఎడమది ఎరుపు, కుడిది నీలం. చదరంగపు బల్లలో ఒక మూల ముక్క లాంటిది. ఒక్కో గడిలో బంగారు రంగు గీతలతో ఒక బొమ్మ.

మొదటి గడిలో సారనాథ్ సింహాలు, అంటే మన రాజముద్ర. అశోకుడు నిలిపిన స్తంభం శిరస్సు మీద నాలుగు సింహాలు వీపులు ఆనించుకుని నాలుగు దిక్కులకూ చూస్తుంటాయి. బొమ్మలో మనకు మూడే కనిపిస్తాయి. దీన్ని రాజముద్రగా స్వీకరించిందీ 1950 జనవరి 26నే. జెండాలో దీనికి చెప్పిన అర్థం ఐక్యత. దిక్కులు నాలుగైనా పీఠం ఒకటే కదా.

రెండో గడిలో ఏనుగు. ఇది అజంతా గుహల నుంచి తీసుకున్నది, 5వ శతాబ్దం నాటిది. ఓర్పు, బలం అని దీనికి అర్థం. ఈ రెండు మాటలనూ కలిపి చెప్పడం నాకు చాలా నచ్చిన విషయం. రాచరికపు జెండాలు బలాన్ని సింహంతోనో డేగతోనో చెప్తాయి. వేటాడే జంతువులు అవి. ఏనుగు వేటాడదు. మన రాజ్యాంగంలో రాష్ట్రపతి స్థానం ఎలాంటిదో ఆలోచించండి. 53వ అధికరణం ప్రకారం కార్యనిర్వాహక అధికారమంతా ఆయన పేరు మీదే ఉంటుంది, సాయుధ దళాలకు సర్వాధిపతి కూడా ఆయనే. నడిపేది మాత్రం మంత్రిమండలి. అంత బలం ఉండి, అంత ఓర్పుగా ఉండవలసిన పదవికి ఏనుగు కంటే తగిన గుర్తు దొరకడం కష్టం.

మూడో గడిలో త్రాసు. ఇది ఢిల్లీ ఎర్రకోట నుంచి వచ్చింది, 17వ శతాబ్దం. కోటలో ఖాస్ మహల్ అనే భవనంలో చలవరాతి తెర ఒకటి ఉంది. దాని పైభాగాన చెక్కిన శిల్పంలో చంద్రవంక మీద తూగే త్రాసు కనిపిస్తుంది. "మీజానె అద్ల్", న్యాయపు త్రాసు, అని దానికి పేరు. షాజహాన్ కాలపు ఆ త్రాసును గణతంత్రం తన జెండాలోకి తెచ్చుకుని రెండు అర్థాలు చెప్పింది: న్యాయం, పొదుపు. పొదుపు ఏమిటి, జెండాలో ఎందుకు అని ఇప్పటివాళ్లకు అనిపించవచ్చు. త్రాసు నేరాన్ని తూచినట్టే ఖజానాను కూడా తూస్తుంది. దేశ విభజన గాయాల నుంచి అప్పుడప్పుడే లేస్తున్న ఒక పేద దేశం, తన అత్యున్నత పదవి జెండా మీద "పొదుపు" అన్న మాటకు చోటిచ్చింది. ఆ ఎంపికలో ఎంత చిత్తశుద్ధి ఉందో చూడండి.

నాలుగో గడిలో తామరలు నిండిన కలశం. ఇది కూడా సారనాథ్‌దే, 2వ శతాబ్దం నాటిది. అర్థం సమృద్ధి. మనకు ఇది పరాయి బొమ్మ కాదు. అమరావతి స్తూపం శిల్పాల్లో పూర్ణఘటం పదే పదే కనిపిస్తుంది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీకరించిన రాజముద్ర నడుమ ఉన్నది కూడా పూర్ణఘటమే. గుమ్మంలో పూర్ణకుంభంతో స్వాగతం పలికే అలవాటున్న ప్రజలకు ఈ గడికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

మొత్తం మీద చూస్తే మౌర్యుల కాలం, కుషాణులూ శాతవాహనులూ ఏలిన కాలం, అజంతా చిత్రకారుల కాలం, మొఘలుల కాలం నాలుగు గడుల్లో సర్దుకున్నాయి. బౌద్ధ క్షేత్రాల గుర్తులు మూడు, మొఘలు కోట గుర్తు ఒకటి. విభజన జరిగి రెండున్నరేళ్లు కాకముందే ఎర్రకోట త్రాసును సారనాథ్ సింహాల కిందనే నిలపడం ఒక రాజకీయ ప్రకటన. ఆ జెండా గీసినవాళ్లు ఈ దేశ చరిత్రలో దేన్నీ వదులుకోదలచుకోలేదు.

బొమ్మ కొత్తది, అచ్చు పాతది

ఇంతా చెప్పాక ఒక ఇబ్బందిని కూడా చెప్పాలి. బ్రిటిష్ రాజు వాడే "రాయల్ స్టాండర్డ్" ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. అదీ నాలుగు గడులే. మొదటి గడిలోనూ నాలుగో గడిలోనూ ఎర్ర నేల మీద ఇంగ్లండు సింహాలు, రెండో గడిలో పసుపు నేల మీద స్కాట్లండు సింహం, మూడో గడిలో నీలి నేల మీద ఐర్లండు వీణ. మొదటి, నాలుగో గడులకు ఒకే రంగు వేసే పద్ధతి ఐరోపా రాచకుటుంబాల చిహ్న శాస్త్రంలో ఎంతో పాతది. పెళ్లిళ్ల వల్ల, యుద్ధాల వల్ల రెండు మూడు రాజ్యాలు ఒకరి చేతికి వచ్చినప్పుడు వాటి గుర్తులన్నీ ఒకే డాలు మీద సర్దడానికి ఆ పద్ధతి పుట్టింది. మన 1950 జెండా బొమ్మలన్నీ ఇక్కడివే. వాటిని అమర్చిన చట్రం మాత్రం ఆ సంప్రదాయానిది.

అందులో తప్పేముందని వాదించవచ్చు. మనం పార్లమెంటరీ పద్ధతిని తీసుకున్నాం, న్యాయస్థానాల పద్ధతిని తీసుకున్నాం, చట్రం ఎవరిదైనా లోపల ఉన్నది మనదే కదా అని. ఆ వాదనలో బలం ఉంది. దానికి ఎదురువాదన కూడా బలమైనదే: రాజ్యాలను కలిపి కుట్టిన రాజు చిహ్నానికి పుట్టిన అమరిక, ప్రజాప్రతినిధులు ఎన్నుకునే పదవికి ఎలా నప్పుతుంది?

నా దృష్టిలో అసలు లోపం ఆ చుట్టరికంలో లేదు. అది జెండాగా చేయవలసిన మొదటి పనికి సంబంధించినది. జెండా అంటే గాలిలో మడతలు పడే గుడ్డ. వంద అడుగుల ఎత్తున, ఒక్క క్షణం విప్పుకున్నప్పుడు, కింద నిలబడిన మనిషికి అదేమిటో తెలిసిపోవాలి. అందుకే మంచి జెండాల్లో రంగులు తక్కువ, ఆకారాలు పెద్దవి. త్రివర్ణ పతాకాన్ని మసక వెలుతురులో కూడా గుర్తుపట్టగలం. నీలం మీద సన్నని బంగారు గీతలతో సింహాలు, ఎరుపు మీద సన్నని బంగారు గీతలతో త్రాసు అంటే, దగ్గర నుంచి అందంగానే ఉంటాయి, స్తంభం మీద ఉన్నప్పుడు రెండు రంగుల గడులు మాత్రమే మిగులుతాయి. ఏనుగు ఓర్పు గురించి నేను పైన రాసినదంతా కాగితం మీద జెండాను చూసి రాసిందే. ఆకాశంలో అది చదవలేం.

గవర్నర్ల కాషాయ జెండా

రాష్ట్రపతితో పాటు రాష్ట్రాల గవర్నర్లకు కూడా అదే కాలంలో జెండా ఉండేది. దాని నమూనా సరళం: కాషాయ రంగు గుడ్డ, మీద రాజముద్ర, దాని కింద రాష్ట్రం పేరు. గవర్నర్ జనరల్ నీలి జెండాలో కిరీటం, సింహం, కింద "ఇండియా" అన్న పేరు ఉండేవని చెప్పుకున్నాం కదా. పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. రంగు మార్చి, కిరీటం స్థానంలో అశోక సింహాలను పెట్టారు, కింద పేరు రాసే అలవాటు అలాగే ఉంచారు. 1971లో ఇవి కూడా పోయాయి.

1971 ఆగస్టు 15న ఏం మారింది

ఆ స్వాతంత్ర్య దినం నుంచి రాష్ట్రపతికి వేరే జెండా లేదు, జాతీయ పతాకమే. అప్పుడు ఆ పదవిలో ఉన్నది వి.వి. గిరి.

ఆ సంవత్సరపు వాతావరణాన్ని గమనిస్తే ఈ మార్పు ఎక్కడ ఇముడుతుందో తెలుస్తుంది. మాజీ సంస్థానాధీశుల భరణాల మీద దేశమంతా చర్చ నడుస్తున్న కాలం అది. ఆ డిసెంబరులోనే 26వ రాజ్యాంగ సవరణ వాటిని రద్దు చేసింది. జాతీయ పతాకాన్నీ రాజ్యాంగాన్నీ అవమానిస్తే శిక్ష విధించే జాతీయ గౌరవ చట్టం కూడా 1971 డిసెంబరులో వచ్చింది. ఒక పక్క రాచరికపు అవశేషాలు తొలగిపోతున్నాయి, మరో పక్క జాతీయ చిహ్నాలకు చట్టబద్ధమైన రక్షణ వస్తున్నది. నాలుగు గడుల జెండా దిగిపోయిన ఏడాది అదే.

రాజ్యాంగంలో రాష్ట్రపతి జెండా ప్రస్తావన ఎక్కడా లేదు. అందుకే ఆ జెండా రావడానికీ పోవడానికీ సవరణ ఏదీ అవసరం కాలేదు.

ఒకే జెండా చాలా, రెండు కావాలా?

ఇక్కడ ప్రపంచం రెండుగా చీలిపోయి ఉంది.

అమెరికా అధ్యక్షుడికి విడి జెండా ఉంది. మొదట సైన్యానికీ నౌకాదళానికీ వేరువేరు అధ్యక్ష జెండాలు ఉండేవి. 1916లో వుడ్రో విల్సన్ రెండింటినీ కలిపి ఒకటి చేశారు. నీలి నేల, నడుమ డేగ, మూలల్లో నాలుగు నక్షత్రాలు. 1944 చివర్లో ఒక చిక్కు వచ్చిపడింది. సైన్యంలో అయిదు నక్షత్రాల హోదా సృష్టించారు. సర్వసేనాధిపతి జెండాలో నాలుగే ఉన్నాయి! 1945లో ట్రూమన్ నమూనా మార్పించి, రాష్ట్రానికొకటి చొప్పున 48 నక్షత్రాలను వలయంగా పెట్టించారు. అప్పుడే డేగ ముఖాన్ని కూడా బాణాలున్న వైపు నుంచి ఆలివ్ కొమ్మ వైపుకు తిప్పారు. రాష్ట్రాలు 50 అయ్యాక 1960లో ఐసెన్‌హోవర్ ఉత్తర్వుతో నక్షత్రాలూ 50 అయ్యాయి. జర్మనీ అధ్యక్షుడికి కూడా విడి జెండా ఉంది: పసుపు నేల మీద నల్ల డేగ, చుట్టూ ఎర్ర అంచు. రాచరికాలే కాదు, గణతంత్రాలు కూడా పదవి జెండాను ఉంచుకోగలవనడానికి ఇవి ఉదాహరణలు.

శ్రీలంక మరో దారిలో వెళ్లింది. అక్కడ ఒక్కో అధ్యక్షుడు తన గుర్తుతో తన జెండా పెట్టుకునే సంప్రదాయం ఉండేది. పదవికి కాకుండా మనిషికి జెండా అన్నమాట, మళ్లీ ఆ పురాణ వీరుల పద్ధతే. 2022 జులైలో ప్రజల ఆగ్రహం మధ్య తాత్కాలిక అధ్యక్షుడైన రణిల్ విక్రమసింఘే అధ్యక్ష జెండాను రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. దేశానికి ఉండవలసింది ఒకే జెండా అన్నది ఆయన చెప్పిన కారణం.

విడి జెండా కావాలనేవాళ్లు చెప్పేది ఇది. జాతీయ పతాకం ప్రజలందరిదీ. దాన్ని ఒక పదవి గుర్తుగా వాడితే ఆ పదవే జాతి అన్న భ్రమ కలుగుతుంది. పదవికి వేరే గుర్తు ఉంటే హద్దు స్పష్టంగా ఉంటుంది. విడి జెండా వద్దనేవాళ్ల మాట దీనికి నేరుగా ఎదురు. గణతంత్రంలో రాష్ట్రపతికి జాతి ఇచ్చిన గౌరవం తప్ప సొంత గౌరవం ఉండదు. జాతికి ఉన్న గుర్తు చాలదంటూ మరొకటి కోరడం రాజుల అలవాటు.

బ్రిటన్ అనుభవం ఈ వాదానికి ఇంకో కోణం చూపిస్తుంది. రాయల్ స్టాండర్డ్‌ను ఎప్పుడూ సగం ఎత్తుకు దించరు. ఒక రాజు కన్నుమూసిన క్షణంలోనే మరొకరు రాజవుతారు, సింహాసనం ఖాళీగా ఉండదు కాబట్టి. 1997లో డయానా మరణించినప్పుడు బకింగ్‌హామ్ ప్యాలెస్ మీద ఏ జెండా సంతాపం చెప్పాలన్నది పెద్ద వివాదమైంది. ఆ ప్యాలెస్ మీద రాణి ఉన్నప్పుడు రాయల్ స్టాండర్డ్ ఎగిరేది, లేనప్పుడు స్తంభం ఖాళీగా ఉండేది. జనం కోపాన్ని చూసి చివరికి యూనియన్ జాక్‌ను సగం ఎత్తున ఎగరేశారు. అప్పటి నుంచి రాజో రాణో లేని సమయంలో జాతీయ జెండా ఎగరేసే అలవాటు మొదలైంది. పదవి జెండా ఏడవలేదు, జాతి జెండా ఏడవగలదు. మన దగ్గర ఈ సమస్య రాదు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధానమంత్రి ఎవరు మరణించినా దేశమంతటా జాతీయ పతాకాన్ని సగం ఎత్తుకు దించుతారు, రాష్ట్రపతి భవన్‌తో సహా.

గుడ్డ మారింది, పని మారలేదు

ఇంత దూరం వచ్చాక అసలు ఆసక్తికరమైన విషయం చెప్పాలి. 1971లో పదవి జెండాను తీసేశాం కానీ అది చేసే పనిని తీసెయ్యలేదు. ఆ పనిని జాతీయ పతాకానికి అప్పగించాం. 2002 జనవరి 26న అమలులోకి వచ్చిన భారత పతాక నియమావళి చదివితే ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రాష్ట్రపతి శీతాకాలపు విడిదికి హైదరాబాదు వస్తున్నారు, బొల్లారంలోని రాష్ట్రపతి నిలయంలో బస. ఢిల్లీ వదిలి బయలుదేరగానే రాష్ట్రపతి భవన్ మీది జెండాను దించాలి. ఇక్కడ ఆయనో ఆమో రాష్ట్రపతి నిలయం ప్రధాన ద్వారం దాటి లోపలికి అడుగుపెట్టే వేళకు జెండా ఎగరాలి. విడిది ముగించుకుని వెళ్లగానే దించాలి. ఢిల్లీలో మళ్లీ ప్రధాన ద్వారం దాటినప్పుడు అక్కడ ఎగరాలి. ఉపరాష్ట్రపతికీ గవర్నర్లకూ లెఫ్టినెంట్ గవర్నర్లకూ ఇదే నియమం. తెలంగాణ గవర్నరు వరంగల్లు వెళ్లి అతిథి గృహంలో దిగితే, హైదరాబాదులో దిగిన జెండా వరంగల్లులో లేస్తుంది. ద్రోణుడి వేదిక ఏ రథం మీద ఉంటే ఆయన ఆ రథంలో ఉన్నట్టు. గుడ్డ అందరిదీ అయినా, అది ఎగరడం, దిగడం మాత్రం "ఆయన ఇక్కడ ఉన్నారు" అనే చెప్తున్నాయి.

దీనికి మినహాయింపు రోజులు ఉన్నాయి. గణతంత్ర దినం, స్వాతంత్ర్య దినం, గాంధీ జయంతి, జలియన్‌వాలా బాగ్ అమరుల స్మృతిలో ఏప్రిల్ 6 నుంచి 13 దాకా జరిపే జాతీయ వారం, ఇలాంటి రోజుల్లో ఆ నివాసాల మీద సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా జెండా ఉంటుంది, లోపల మనిషి ఉన్నా లేకపోయినా. ఆ రోజుల్లో అది మళ్లీ జాతి జెండా.

రైలు విషయంలో నియమం ఇంకా ముచ్చటైనది. రాష్ట్రపతి ప్రత్యేక రైలులో వెళ్తుంటే డ్రైవరు క్యాబిన్ దగ్గర ప్లాట్‌ఫారం వైపు జెండా కట్టాలి. రైలు ఆగి ఉన్నప్పుడూ, ఆగవలసిన స్టేషనులోకి వస్తున్నప్పుడూ మాత్రమే అది ఎగరాలి. నడి దారిలో పొలాల మధ్య ఎవరికి చెప్పాలి ఆయన ఉన్నారని? విమానంలో దేశంలోపల పర్యటిస్తే, ఏ వైపు నుంచి ఎక్కి దిగుతారో ఆ వైపు జెండా చూపిస్తారు.

అందరి జెండాయే, కారు మీద మాత్రం కొందరిదే

ఈ ఏర్పాటులో ఒక చిక్కు మిగిలింది. నాలుగు గడుల జెండా ఒక్క రాష్ట్రపతిదే. జాతీయ పతాకాన్ని కారు మీద ఎగరేసే హక్కు మాత్రం పెద్ద జాబితాకు ఉంది. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, గవర్నర్లు, విదేశాల్లోని మన దౌత్య కార్యాలయాల అధిపతులు, ప్రధాని, కేంద్ర, రాష్ట్ర మంత్రులు, చట్టసభల అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తులు. కాబట్టి కారు మీద జెండా కనిపిస్తే లోపల ఉన్నది జాబితాలో ఒకరని తెలుస్తుంది, ఎవరన్నది తెలియదు. విదేశీ అతిథి మన ప్రభుత్వం ఇచ్చిన కారులో వస్తే కుడి వైపు మన జెండా, ఎడమ వైపు ఆయన దేశపు జెండా ఉంటాయి కాబట్టి అక్కడ కొంత నయం.

1971లో ఈ మార్పు చేసిన నాటికి సామాన్య పౌరుడు తన ఇంటి మీద రోజూ జాతీయ పతాకం ఎగరేయడానికి వీల్లేదు, కొన్ని ప్రత్యేక దినాల్లోనే అనుమతి. అంటే ఏడాదిలో చాలా రోజులు అది నిజానికి పదవుల జెండాగానే కనిపించేది. 2002 నియమావళి ఆ అడ్డు తొలగించింది. 2004 జనవరిలో నవీన్ జిందాల్ కేసులో సుప్రీంకోర్టు, జాతీయ పతాకాన్ని గౌరవంగా ఎగరేయడం భావ ప్రకటన స్వేచ్ఛలో భాగమేనని తీర్పు చెప్పింది. 2022 జులైలో చేసిన సవరణతో పౌరులు తమ ఇళ్ల మీద పగలూ రాత్రీ ఎగరేయవచ్చు. పైగా 2017 మే 1 నుంచి రాష్ట్రపతి మొదలుకొని అందరి కార్ల మీదా ఎర్ర బుగ్గలు పోయాయి.

అలా ఒక్కొక్క గుర్తూ పోగా, దేశమంతటా పదవికే ప్రత్యేకమై మిగిలిన జెండా ఒకటుంది. కారు ముందు బానెట్ మధ్యన గానీ, ముందు కుడి పక్కన గానీ గట్టిగా బిగించిన చిన్న కర్రకు కట్టేది. దాని కొలత కూడా నియమావళిలోనే ఉంది: 225 మిల్లీమీటర్ల పొడవు, 150 మిల్లీమీటర్ల వెడల్పు.